బ్రేకర్ కొడతా ఉంటే ఆయిల్ ప్రెషర్ కోడ్ వస్తా ఉంది: పంపా, సెన్సారా, వైరింగా?

క్వారీ_కుప్పం

అన్నలందరికీ నమస్తే. కుప్పం దగ్గర గ్రానైట్ క్వారీలో 20 టన్నుల ఎక్స్‌కవేటర్, రాయి పగలగొట్టే బ్రేకర్ తగిలించి నడుస్తా ఉంది. ఆరు సిలిండర్ల కామన్ రైల్ ఇంజిన్, 24 వోల్టులు, 9,400 గంటలు తిరిగింది. పొద్దున స్టార్ట్ చేస్తే ఏమీ ఉండదు. గంటన్నర, రెండు గంటలు బ్రేకర్ కొట్టినాక డిస్‌ప్లేలో ఎస్‌పీఎన్ 100, ఎఫ్‌ఎంఐ 4 అని వస్తుంది. బజర్ మోగుతుంది, పవర్ పడిపోతుంది. కీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఇంకో పది నిమిషాలో, అరగంటో బాగానే నడుస్తుంది. బకెట్ వేసి మట్టి తోడేటప్పుడు మాత్రం ఈ కోడ్ చాలా అరుదు.

ఆయిల్, ఫిల్టర్ మార్చినాం. ఫిల్టర్ హౌసింగ్ మీదుండే మూడు పిన్నుల సెన్సార్ కూడా కొత్తది వేసినాం. తేడా లేదు. మెకానిక్ ఆయిల్ పంప్ విప్పుదాం అంటాడు, ఎలక్ట్రీషియన్ ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) పోయింది అంటాడు. రెండూ పెద్ద ఖర్చులే. డయాగ్నస్టిక్ ల్యాప్‌టాప్ లేదు, మల్టీమీటర్ ఉంది. యాడ మొదలుపెట్టాలి?

రేణిగుంట_డీజిల్

పంప్ జోలికి ఇప్పుడే పోవద్దు. ఆ కోడ్ ఏం చెప్తా ఉందో ముందు చూడండి.

ఎస్‌పీఎన్ 100 అంటే ఇంజిన్ ఆయిల్ ప్రెషర్. దాని పక్కనుండే ఎఫ్‌ఎంఐ నంబరే, అంటే ఏ రకం లోపమో చెప్పేదే, అసలు సంగతి. 1 గానీ 18 గానీ వస్తే, సెన్సార్ సిగ్నల్ నమ్మదగిన హద్దులోనే ఉంది, ప్రెషరే తక్కువ చూపిస్తా ఉంది అని ఈసీఎం అంటున్నట్టు. 3 వస్తే సిగ్నల్ వోల్టేజ్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ, 4 వస్తే తక్కువ. 2 అంటే సిగ్నల్ నిలకడ లేకుండా ఎగిరెగిరి పడుతోందని. 3, 4 రెండూ కరెంటుకు సంబంధించినవి. ప్రెషర్ సున్నాకు పడిపోయినా మంచి సెన్సార్ 0.5 వోల్టు దగ్గరే నిలబడుతుంది, అంతకంటే కిందికి దిగదు. కాబట్టి సిగ్నల్ 0.2కో 0.1కో పడిందంటే దానికి కారణం ఆయిల్ కాదు. కమిన్స్ ఇంజిన్లలో ఇవే 135 (ఎక్కువ), 141 (తక్కువ) అని వస్తాయి. నిజంగా ప్రెషర్ పడిపోతే 143, 415. క్యాటర్‌పిల్లర్‌లో 100-3, 100-4 కరెంటు కోడ్‌లు, అసలు ప్రెషర్ తగ్గితే ఈ360. కంపెనీ ఏదైనా విభజన ఇదే.

అయినా మెకానికల్ గేజ్ పెట్టి చూడకుండా వైరింగ్ పని మొదలుపెట్టకండి. కోడ్ కరెంటుదే అయినా, ఈ ఒక్క కొలతతో పంప్ గొడవ శాశ్వతంగా తీరిపోతుంది. 0 నుంచి 10 బార్ గేజ్, గ్లిజరిన్ నింపింది తీసుకోండి. మామూలు గేజ్ అయితే ముల్లు వణికి రీడింగ్ కుదరదు. ఆయిల్ గ్యాలరీకి (ఇంజిన్ లోపల ఆయిల్ పారే దారికి) ఇంకో ప్లగ్ ఉంటే అక్కడ బిగించండి, సెన్సార్ తన చోటే ఉంటుంది, రెండింటినీ పక్కపక్కన పోల్చుకోవచ్చు. థ్రెడ్ ఏదో చూసి దానికి సరిపోయే అడాప్టర్ వాడాలి. ఎన్‌పీటీ (కోనుగా సన్నబడే అమెరికా థ్రెడ్) రంధ్రంలో మెట్రిక్ అడాప్టర్ రెండు చుట్లు పట్టింది కదా అని బిగిస్తే హౌసింగ్ చీలుతుంది.

చల్లటి ఇంజిన్ మీద తీసిన రీడింగ్‌తో ఉపయోగం లేదు. నీళ్ళ టెంపరేచర్ 80 దాటి, పనిలో బాగా వేడెక్కినాక ఐడిల్‌లో ఒకటి, ఫుల్ ఆర్‌పీఎంలో ఒకటి తీయండి. మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉన్న అంకే ప్రమాణం. ఒక అందాజుకి చెప్పాలంటే, కమిన్స్ 6బీటీకి వేడి ఐడిల్‌లో కనీసం 10 పీఎస్‌ఐ, అంటే 0.7 బార్, రేటెడ్ స్పీడ్‌లో 30 పీఎస్‌ఐ, అంటే 2 బార్ పైచిలుకు ఉండాలి. గేజ్ నిజంగానే తక్కువ చూపిస్తే వెంటనే ఇంజిన్ ఆపేయండి, బేరింగులు దక్కుతాయి. అప్పుడు డిప్‌స్టిక్ తీసి ఆయిల్‌లో డీజిల్ వాసన ఉందేమో చూడండి. డీజిల్ కలిసి పలచబడితే పంప్ బాగున్నా ప్రెషర్ నిలవదు.

ఇంకొకటి. కొత్త సెన్సార్ పార్ట్ నంబర్ పాతదానితో సరిపోయిందా? చూడ్డానికి ఒకేలా ఉండి, సాకెట్ కూడా పట్టే సెన్సార్లలో 0-7 బార్, 0-10 బార్, 0-16 బార్ అని రకాలుంటాయి. 10 బార్‌ది ఉండాల్సిన చోట 7 బార్‌ది వేస్తే అసలు 0.7 బార్ ఉన్నప్పుడు డిస్‌ప్లే 1 బార్ చూపిస్తుంది. ఇంజిన్‌ను కాపాడాల్సిన హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది. మీ కోడ్‌కి కారణం ఇది కాకపోవచ్చు, కానీ తప్పు సెన్సార్‌తో బండి నడపకూడదు.

చిత్తూరు_24వోల్ట్

రేణిగుంట అన్న చెప్పిన గేజ్ పని అయినాక ఇది చేయండి.

మూడు వైర్లలో ఒకటి ఈసీఎం నుంచి వచ్చే 5 వోల్టుల సప్లై, ఒకటి రిటర్న్, మూడోది సిగ్నల్. రిటర్న్ అంటే ఛాసిస్ ఎర్త్ అనుకోవద్దు, అది ఈసీఎం లోపలికే తిరిగి పోతుంది. దానికి బయట నుంచి బాడీ ఎర్త్ కలిపి బాగుచేశామనుకునే వాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి. అసలు తెగిన వైరు అట్లే ఉండిపోతుంది, సిగ్నల్లోకి ఆల్టర్నేటర్, స్టార్టర్ గోల వచ్చి చేరుతుంది.

సాకెట్ ఊడదీయకుండా, వెనక రబ్బరు సీల్ పక్కనుంచి సన్నటి బ్యాక్‌ప్రోబ్ పిన్ను పంపి కొలవండి. ఇన్సులేషన్ గుచ్చకండి, ఆ చిన్న రంధ్రంలోంచి నవంబరు వానలకు నీళ్ళు పోయి ఏడాది తిరక్కుండా రాగి పచ్చబడుతుంది. ఎదుటి వైపు నుంచి ఆడ పిన్నులోకి మీటర్ ముల్లు దూర్చడం ఇంకా చెడ్డ అలవాటు. పిన్ను వదులైపోయి, లేని లోపాన్ని మనమే తయారుచేసినట్టు అవుతుంది.

కీ ఆన్, ఇంజిన్ ఆఫ్‌లో సప్లైకీ రిటర్న్‌కీ మధ్య 4.75 నుంచి 5.25 వోల్టుల లోపల ఉండాలి. సిగ్నల్‌కీ రిటర్న్‌కీ మధ్య 0.5 అటూ ఇటూ. రిటర్న్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి చూస్తే 0.1 వోల్టు మించకూడదు. 0-10 బార్ సెన్సార్ అయితే ఒక్కో బార్‌కీ 0.4 వోల్టు పెరుగుతుంది. అంటే 2 బార్‌కి 1.3, 4 బార్‌కి 2.1. గేజ్ చూపే బార్‌తో ఈ లెక్క సరిపోతే సెన్సార్ మంచిదే, ఇంక దాన్ని వదిలేయండి.

సప్లై వైర్లోనో పిన్నులోనో తుప్పు పట్టి, సెన్సార్ దగ్గరికి 5కి బదులు 4.2 వోల్టులే చేరుతున్నాయనుకోండి. ఈ సెన్సార్లు తమకు అందిన సప్లైకి తగ్గ నిష్పత్తిలోనే సిగ్నల్ ఇస్తాయి. 4 బార్‌కి రావాల్సిన 2.1 వోల్టులు 1.76 అవుతాయి, ఈసీఎం దాన్ని 3.15 బార్ అని చదువుతుంది. ఐడిల్‌లో 1.5 బార్ ఉంటే 1.06 అంటుంది. ఇలాంటప్పుడు ఎఫ్‌ఎంఐ 4 రాదు, 1 గానీ 18 గానీ వస్తుంది. లోపం వైర్‌ది, కోడ్ చూస్తే ఆయిల్‌దిలా కనిపిస్తుంది. రేణిగుంట అన్న చెప్పిన విభజనకు ఈ ఒక్క మినహాయింపు ఉంది, అందుకే గేజ్ తప్పనిసరి అనేది నా మాట కూడా.

రిటర్న్ తెగితే దీనికి తిరగబడి సిగ్నల్ పైకి పోతుంది, ఎఫ్‌ఎంఐ 3 వస్తుంది. ఆ రిటర్న్ అందరికీ ఉమ్మడిదైతే నీళ్ళ టెంపరేచర్, గాలి టెంపరేచర్ సెన్సార్లకు కూడా 3 వస్తుంది. సప్లై పడిపోతే మాత్రం టెంపరేచర్ సెన్సార్లు కదలవు, వాటికి 5 వోల్టుల సప్లై వైరు ఉండదు, సిగ్నల్, రిటర్న్ రెండే. ఏ కోడ్‌లు కలిసి వస్తున్నాయో చూస్తే ఏ వైరో సగం తెలిసిపోతుంది. అందుకే సర్వీస్ మెనూలోకి పోయి పాత కోడ్‌ల లిస్టు మొత్తం రాసి ఇక్కడ పెట్టండి. డిస్‌ప్లే మీద కనిపించిన ఒక్కటే చాలదు.

మీకు బ్రేకర్ కొట్టినప్పుడే వస్తా ఉంది కాబట్టి ఆగి ఉన్న బండి మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. మీటర్లో మిన్-మ్యాక్స్ బటన్ ఉంటే బ్యాక్‌ప్రోబ్ నుంచి క్యాబిన్‌లోకి రెండు వైర్లు లాగి, పని చేస్తూ ఉండగా మొదట సప్లై, తర్వాత సిగ్నల్ ఎంత కిందికి పోయిందో పట్టండి. సిగ్నల్ ఒక్కటే పడిందా, సప్లై కూడా పడిందా అన్నదాని మీదే మిగతా దారి ఉంటుంది.

ఒక హెచ్చరిక: ఈ 5 వోల్టుల వైర్ల మీద టెస్ట్ ల్యాంప్ పెట్టొద్దు. అది లాగే కరెంటు ఈసీఎం ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువ.

పలమనేరు_టిప్పర్

ఈసీఎం లేని పాత బండ్ల వాళ్ళు కూడా చదువుతుంటారు కాబట్టి రెండు మాటలు. వాటిలో ఒకే వైరు ఉండే స్విచ్ గానీ, గేజ్‌కి పోయే సెండర్ గానీ ఉంటుంది, ఎర్త్ సెన్సార్ బాడీ నుంచే వస్తుంది. థ్రెడ్‌కి తెల్ల టేపు దండిగా చుడితే ఎర్త్ తెగి రీడింగ్ తప్పుతుంది. స్విచ్ అయితే ప్రెషర్ లేనప్పుడు కలిసి ఉంటుంది, ప్రెషర్ వస్తే విడిపోతుంది. వైరు ఊడదీస్తే ల్యాంప్ ఆరాలి, ఆరకపోతే ఆ వైరే ఎక్కడో బాడీకి తగులుతోంది. సెండర్లలో యూరప్ రకం సున్నా ప్రెషర్‌లో 10 ఓమ్‌లు, ఫుల్‌లో 180 దగ్గర. అమెరికా రకం దీనికి ఎదురు, సున్నాలో 240, ఫుల్‌లో 33. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే ముల్లు తలకిందులుగా నడుస్తుంది.

క్వారీ_కుప్పం

అన్నా, చెప్పినవన్నీ చేసినాం.

గేజ్: వేడి మీద ఐడిల్‌లో 1.6 బార్, ఫుల్‌లో 4.1 బార్. సిగ్నల్ 1.14, 2.13 వోల్టులు. లెక్క సరిపోయింది. పార్ట్ నంబర్ కూడా అదే. పంప్ మాట మెకానిక్ వదిలేశాడు.

కీ ఆన్‌లో సప్లై 5.01, సిగ్నల్ 0.51, రిటర్న్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి 0.02. బ్రేకర్ పనిలో కోడ్ వచ్చినప్పుడు మీటర్ పట్టిన కనీసం: సప్లై 1.3, సిగ్నల్ 0.1. పాత కోడ్‌ల లిస్టులో ఎస్‌పీఎన్ 102 ఎఫ్‌ఎంఐ 4, ఎస్‌పీఎన్ 3509 ఎఫ్‌ఎంఐ 4 కూడా ఉన్నాయి. టెంపరేచర్ కోడ్ ఒక్కటీ లేదు.

సప్లై పడుతోందంటే ఎలక్ట్రీషియన్ చెప్పినట్టు ఈసీఎమ్మేనా?

చిత్తూరు_24వోల్ట్

కాదు, ఇంకా ఆ మాట అనే దశకు రాలేదు. 3509 అంటే ఈసీఎం ఇచ్చే మొదటి సెన్సార్ సప్లై, 4 అంటే అది పడిపోయింది. 102 టర్బో బూస్ట్ ప్రెషర్. ఆయిల్ సెన్సార్, బూస్ట్ సెన్సార్ ఒకే 5 వోల్టుల లైన్ మీద ఉన్నాయి, ఆ లైన్ ఎక్కడో బాడీకో రిటర్న్‌కో తగులుతోంది. షార్ట్ తగిలిన క్షణంలో ఈసీఎం తనను తాను కాపాడుకోవడానికి కరెంటును కట్టడి చేస్తుంది, అందుకే వోల్టేజ్ కుంగుతుంది. షార్ట్ పోగానే లేస్తుంది. ఈసీఎం తన పని తాను సరిగ్గా చేస్తున్నట్టే.

ఆ లైన్ మీద ఇంకా ఏమేం ఉన్నాయో వైరింగ్ డయాగ్రాంలో చూడండి. కీ ఆన్, ఇంజిన్ ఆఫ్‌లో ఆయిల్ సెన్సార్ సాకెట్ దగ్గర సప్లై మీద మీటర్ ఉంచి, ఒకరు మీటర్ చూస్తుంటే ఇంకొకరు హార్నెస్‌ను (వైర్ల కట్టను) జానెడు జానెడుగా పట్టి వంచుతూ, లాగుతూ, పక్కనున్న బ్రాకెట్‌కేసి నొక్కుతూ పోవాలి. తొందరపడొద్దు. ఫిల్టర్ బ్రాకెట్లు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, స్టార్టర్ పక్కన, క్లిప్ విరిగిన ప్రతి చోటా ఎక్కువసేపు ఆగండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే చేస్తే మంచిది, ఇన్సులేషన్ మెత్తబడి షార్ట్ సులభంగా దొరుకుతుంది. సైలెన్సర్, టర్బో దగ్గర చెయ్యి జాగ్రత్త.

వోల్టేజ్ పడిపోయి అట్లే ఉండిపోతే ఆ లైన్ మీది సెన్సార్లను ఒక్కొక్కటి ఊడదీయండి. ఒకటి తీయగానే 5 వోల్టులు లేస్తే ఆ సెన్సారే లోపల షార్ట్. అన్నీ తీసినా లేవకపోతే వైరింగ్. ఈసీఎంను తప్పు పట్టాలంటే దానికి వచ్చే 24 వోల్టులు, ఎర్త్ రెండూ బాగుండి, ఇంజిన్ వైపు హార్నెస్ కనెక్టర్ పూర్తిగా ఊడదీసినాక కూడా దాని పిన్ను మీద 5 వోల్టులు రాకపోవాలి. అంతవరకు పోకుండా ఈసీఎం కొనొద్దు.

ఆయిల్ సెన్సార్ సాకెట్ తీసినప్పుడు లోపల ఆయిల్ తడి ఉందేమో చూడండి. సెన్సార్ లోపలి పొర చీలితే ఆయిల్ పిన్నుల మీదుగా వైరు పోగుల మధ్య పాక్కుంటూ హార్నెస్ లోపలికి పోతుంది. తడి ఉంటే ఈసీఎం కనెక్టర్ కూడా విప్పి చూడాలి.

క్వారీ_కుప్పం

దొరికింది అన్నా. డీజిల్ ఫిల్టర్ బ్రాకెట్ వెనక హార్నెస్‌ను నొక్కగానే మీటర్ 5.01 నుంచి 1.4కి పడింది. రెండుసార్లు వదిలి నొక్కినాం, రెండుసార్లూ అంతే. అక్కడి క్లిప్ విరిగిపోయి ఉంది. వైర్ల మీది నల్ల గొట్టం విప్పితే లోపలంతా గ్రానైట్ పొడి, ఆయిల్ జిడ్డుతో కలిసి ముద్ద కట్టుకుని ఉంది. బూస్ట్ సెన్సార్‌కి పోయే వైర్లలో ఒకటి రాగి బయటపడింది, బ్రాకెట్ అంచుకు పెయింట్ కూడా అరిగిపోయింది. పక్క వైరుకి ఇన్సులేషన్ సగం పోయింది. సాకెట్లో ఆయిల్ లేదు. టేపు చుడితే సరిపోతుందా?

చిత్తూరు_24వోల్ట్

టేపు వద్దు. ఇంజిన్ వేడికి జిగురు కరిగి నెలలో జారిపోతుంది.

ముందు రెండు బ్యాటరీల నెగటివ్ తీసేయండి. ఈసీఎం వైపు, సెన్సార్ల వైపు కనెక్టర్లు ఊడదీయండి. రెండు వైర్లూ దెబ్బతిన్న చోట కత్తిరించి, అంతే మందం ఉన్న కొత్త ముక్క వేయండి. జాయింట్లు రెండూ ఒకే చోట పక్కపక్కన రాకూడదు, ఒకదానికీ ఇంకోదానికీ నాలుగు సెంటీమీటర్ల ఎడం ఉంచండి. లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ క్రింప్ జాయింట్లు (ప్లయర్‌తో నొక్కి బిగించి, వేడి చేస్తే ముడుచుకునేవి) వాడండి. క్రింప్ చేసినాక ఒక్కో వైరును 45 న్యూటన్లు, అంటే నాలుగున్నర కిలోల బరువంత బలంతో లాగి చూడండి. జారితే ఆ జాయింట్ పనికిరాదు. తర్వాతే వేడి చేసి సీల్ చేయండి, రెండు కొనల్లో జిగురు బయటికి రావాలి.

అన్నీ ఊడి ఉన్నప్పుడే మీటర్‌తో ఒక్కో వైరు ఈ కొన నుంచి ఆ కొనకు చూడండి, 5 ఓమ్‌ల లోపు ఉండాలి. ఇంజిన్ బాడీకి, పక్క వైర్లకు 1 లక్ష ఓమ్‌ల పైన ఉండాలి. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మీటర్‌కి బాగున్నట్టే కనిపిస్తుంది. అనుమానం ఉంటే రెండు కొనలూ ఊడి ఉండగా ఆ వైరు ద్వారా 24 వోల్టుల 5 వాట్ల బల్బు వెలిగించండి. పూర్తి వెలుగు రావాలి. నేను టెస్ట్ ల్యాంప్ వద్దన్నది ఈసీఎం తగిలి ఉన్నప్పుడు.

రేణిగుంట_డీజిల్

క్రింప్ మంచిదే, కానీ మన ఊళ్ళలో మంచి క్రింపింగ్ ప్లయర్ అందరి దగ్గరా ఉండదు. కటింగ్ ప్లయర్‌తో నొక్కిన క్రింప్ కంటే శుభ్రంగా చేసిన సోల్డరే మేలని నా అభిప్రాయం.

చిత్తూరు_24వోల్ట్

కటింగ్ ప్లయర్ క్రింప్ గురించి మీరన్నది నిజమే అన్నా. సోల్డర్‌తో ఇబ్బంది ఏమంటే, సీసం పోగుల మధ్య పాకి వైరు కొంత దూరం కడ్డీలా గట్టిపడుతుంది, గట్టి భాగం ముగిసి మెత్తటిది మొదలయ్యే చోట అదురుకు తెగుతుంది. మిగతా బండ్లలో ఏమో గానీ ఇది బ్రేకర్ కొట్టే బండి. సోల్డర్ తప్పకపోతే జిగురు స్లీవ్ వేసి, జాయింట్‌కి రెండు వైపులా దగ్గర్లోనే క్లిప్‌తో పట్టించి అది ఊగకుండా చేయాలి.

రేణిగుంట_డీజిల్

ఒప్పుకుంటాను. ఇంక కుప్పం తమ్ముడికి: పాత గొట్టం మళ్ళీ తొడగొద్దు, అందులోని గ్రానైట్ పొడి ఉప్పు కాగితంలా ఇన్సులేషన్‌ను అరగదీస్తుంది. కొత్తది వేసేటప్పుడు చీలిక కింది వైపుకు ఉండాలి, పొడి, నీళ్ళు నిలవకుండా రాలిపోతాయి. బ్రాకెట్ అంచును ఆకురాయితో గుండ్రం చేసి, రబ్బరు లైనింగ్ ఉన్న పీ క్లిప్ వేసి, హార్నెస్‌కీ లోహానికీ మధ్య వేలు దూరేంత సందు వదలండి. ప్లాస్టిక్ టై ఒక్కటే కట్టి వదిలేస్తే వేడికి పెళుసై విరుగుతుంది, మళ్ళీ ఇదే కథ. నీళ్ళ ప్రెషర్‌తో బండి కడిగేటప్పుడు సెన్సార్ సాకెట్ల మీదికి గన్ పెట్టనివ్వొద్దు. బ్రేకర్ బ్రాకెట్‌కి వెల్డింగ్ చేయించాల్సి వస్తే బ్యాటరీలు, ఈసీఎం కనెక్టర్లు తీసేసి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపును పని జరిగే చోటుకు ఆనుకునే పట్టించండి.

క్వారీ_కుప్పం

రెండు వైర్లూ జాయింట్ చేసి, పీ క్లిప్ వేసినాం. కోడ్‌లు చెరిపేసి నాలుగు రోజులు, రోజుకు ఏడెనిమిది గంటలు బ్రేకర్ కొట్టినాం. మీటర్ మిన్-మ్యాక్స్‌లో సప్లై కనీసం 4.99. కొత్త కోడ్ ఒక్కటీ లేదు. పాత సెన్సార్‌ను కూడా వేసి చూసినాం, గేజ్‌తో సరిపోయింది, స్పేర్‌గా దాచుకున్నాం. మా క్వారీలో ఇంకో రెండు బండ్లకు అదే చోట క్లిప్‌లు చూస్తే ఒకదానికి విరిగే ఉంది, దానికీ ఈ ఆదివారం గొట్టం విప్పుతున్నాం.